గుర్తింపు పొందిన వంటిల్లు

మా ఇంట్లో ఉల్లిపాయ తరగాలంటే ముందు రిజిస్టర్‌లో రాయాలి. తేదీ, ఉల్లిపాయ సంఖ్య, ఏ ప్రయోజనం నిమిత్తం, తరిగినవారి సంతకం, చూసినవారి సంతకం. ఒకసారి ప్రయోజనం అన్న గడిలో మా అమ్మ "పప్పులోకి" అని రాయించింది. దాని మీద మెమో వచ్చింది. ప్రయోగశాలలోని జీవపదార్థమును సొంత అవసరమునకు వాడుకొన్నందులకు తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలసినది అని. "ఆకలేసింది" అని జవాబు రాసి పంపాను. అది ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఇలా అయితే మీకు అర్థం కాదు. మొదటి నుంచీ చెప్తాను.

నా పేరు దానియేలు. మా ఊళ్లో నర్సింగ్ కళాశాల గేటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న బెతెస్ద జిరాక్స్ నాదే. ఆ కళాశాలలో పుట్టే ప్రతి కాగితమూ ముందు నా మిషన్లో పడి, వేడివేడిగా బయటికొచ్చి, ఆ తర్వాతే లోకంలోకి వెళ్తుంది. నా భార్య సువార్త తొమ్మిదేళ్లుగా ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆయా. దుప్పట్లు మార్చడం దగ్గర్నుంచి, కొత్తగా చేరిన నర్సమ్మలకు సెలైన్ సీసా ఎలా తగిలించాలో పక్కన నిలబడి చూపించడం దాకా అన్నీ చేస్తుంది. పాపం రోగులకు తెలియదు, "సిస్టర్" అని పిలుస్తారు. అలా పిలిచిన ప్రతిసారీ ఆగి, "నేను సిస్టర్ని కాదండి, ఆయాని" అని చెప్పి మరీ వెళ్తుంది.

"పిలవనియ్యొచ్చుగా, నీదేం పోయింది?" అన్నాను ఒకసారి.

"నాది కాని పేరు నాకెందుకయ్యా? నాదైనాక పిలిపించుకుంటా" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆమె ఇంటర్లో చదివింది చరిత్ర, అర్థశాస్త్రం. నర్సింగ్‌లో చేరాలంటే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం చదివి ఉండాలి. చదవనివాళ్ల కోసం పూర్వ విజ్ఞాన మండలి అనే సంస్థ ఆర్నెల్ల బ్రిడ్జి కోర్సు పెట్టింది. ఆ కోర్సు పాసైతే నర్సింగ్ సీటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వయసు ముప్పయ్యైదు దాటకూడదు. సువార్తకు వచ్చే ఆగస్టుకు ముప్పయ్యైదు నిండుతాయి. అంటే ఈ ఏడాది తప్పితే ఇక ఈ జన్మకు లేదు.

కోర్సు రెండు రకాలు. కళాశాలకు వెళ్లి వారానికి ఆరు రోజులు కూర్చుంటే ప్రత్యక్షం. ఇంట్లో ఫోన్లో చూసుకుంటే ఆన్‌లైన్. ఆమెకు పగలు డ్యూటీ. అందుకని ఆన్‌లైన్ తీసుకుంది. "ఈ రెండు విధానములును సర్వసమానములు" అని కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉంది. ఆ కరపత్రం వెయ్యి కాపీలు తీసింది నేనే.

చదివిందండీ. డ్యూటీ దిగి వచ్చి, చెవుల్లో వైర్లు పెట్టుకుని, బియ్యం ఏరుతూ వింది. పాఠం చెప్పే మాస్టారు వీడియోలో ఏడో నిమిషం దగ్గర దగ్గుతాడు. ఆ దగ్గు కూడా ఆమెకు బట్టీ వచ్చేసింది. మూతపడిన ఓ కాన్వెంటు వాళ్లు పాత సూక్ష్మదర్శిని ఒకటి ఇచ్చారు. అందులో ఏది పెట్టి చూసినా పక్కన ఓ వెంట్రుక కనిపిస్తుంది. దాన్ని వంటగట్టు మీద, కిటికీ వెలుగు పడే చోట పెట్టుకుని, ఉల్లిపొర చూసింది, పెరుగు చూసింది, దోసెల పిండి చూసింది. మా అమ్మ మార్తమ్మను కూడా పిలిచి పెరుగులో పురుగుల్లాంటివి చూపించింది. అమ్మ ఆ తర్వాత నాలుగు రోజులు మజ్జిగ ముట్టుకోలేదు.

పరీక్ష రాసింది. నూటికి తొంభై ఒకటి. దరఖాస్తు పెట్టింది. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చింది.

కళాశాల సూపరింటెండెంట్ ఓంకారయ్య గారు మామూలుగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. టీ కావాలన్నా "ఒక తేనీరు తెప్పించవలసినది" అంటారు. మేమిద్దరం ఆయన ముందు నిలబడ్డాం.

"ఉల్లిపొర యందలి కణములను తాము ఎచ్చట చూచితిరి?" అని అడిగారు.

"సూక్ష్మదర్శినిలో సార్" అంది సువార్త.

"సదరు సూక్ష్మదర్శిని ఎచ్చట ఉన్నది?"

"గట్టు మీద సార్. గ్యాస్ పొయ్యి పక్కన."

"అనగా వంటిల్లు."

"అవును సార్."

"అమ్మా, వంటింటిలో కనపడినది కణము కానేరదు. అది కూర" అన్నారు ఓంకారయ్య గారు, ఎంతో జాలిగా.

రెండూ సర్వసమానమని మీరే రాశారు కదా సార్ అని కరపత్రం తీసి చూపించాను. ఆయన చిన్నగా నవ్వి "సర్వసమానములు" అన్న మాట చివర వేలు పెట్టారు. అక్కడో నక్షత్రం గుర్తు ఉంది. వెయ్యి కాపీలు తీసిన నాకు అది ఈగ రెట్ట అనిపించింది. షాపుకు పరిగెత్తి, నాలుగు వందల శాతం పెద్దది చేసి చూస్తే, కింద ఓ వాక్యం బయటపడింది. "ఆన్‌లైన్ విద్యార్థి ప్రయోగములు చేయు స్థలము ప్రయోగశాల అయి ఉండవలెను."

"ఇప్పుడేం చెయ్యాలి సార్?" అన్నాను.

"తమ వంటింటిని ప్రయోగశాలగా గుర్తించవలసినదిగా కోరుతూ నమూనా పదకొండులో దరఖాస్తు చేసుకొనవచ్చును. నిబంధనలు ఎవరికిని వ్యతిరేకములు కావు."

నమూనా పదకొండు కూడా నా షాపులోనే ఉంది. మూడేళ్లుగా ఒక్కడూ కొనలేదు.

తనిఖీకి డాక్టర్ కుముదవల్లి గారు వచ్చారు. మండలి నుంచి వచ్చిన పెద్దావిడ. మాట తక్కువ, చూపు ఎక్కువ. వెంట ఓంకారయ్య గారు, ఓ టేపు. మా వంటిల్లు తొమ్మిదడుగులు ఇంటూ ఏడు. ఆ ఏడులో గ్యాస్ బండ, గిన్నెల స్టాండు, మా అమ్మ. టేపు గోడ దాకా సాగాలంటే అమ్మ జరగాలి. అమ్మ జరగలేదు. ఆమె మీద నుంచే కొలిచారు.

"ఈ బ్యాక్టీరియా కల్చర్ ఎక్కడి నుంచి సేకరించారు?" అని పెరుగు గిన్నె చూసి అడిగారు కుముదవల్లి గారు.

"తోడా? పక్కింటి ఖాజాబీ దగ్గర్నించి" అంది అమ్మ.

"సరఫరాదారునకు అనుమతి కలదా?" అన్నారు ఓంకారయ్య గారు.

"అనుమతేందయ్యా, తోడుకి? గిన్నె తీసుకుని పోతే పోస్తది."

ఓంకారయ్య గారు రాసుకున్నారు. ఆ సాయంత్రానికల్లా ఖాజాబీ ఫ్రిజ్ మీద "కల్చర్ ఉప కేంద్రము" అని కాగితం అంటించారు. ఖాజాబీ ఆ కాగితాన్ని ఇప్పటికీ తుడిచి తుడిచి కాపాడుకుంటుంది. వాళ్లాయన ఫ్రిజ్‌లో బీరకాయలు పెట్టబోతే ఒంటికాలి మీద లేచిందట.

పది రోజులకు గుర్తింపు వచ్చింది. మా వంటిల్లు ఇకనుంచి ప్రయోగశాల 17. దానితోపాటు షరతులూ వచ్చాయి. గుమ్మం మీద బోర్డు ఉండాలి. మంటలార్పే ఎర్ర సీసా ఉండాలి. స్టాక్ రిజిస్టర్ ఉండాలి. అటెండెంటు ఉండాలి. గుర్తింపు కార్డు లేనివారిని లోపలికి రానియ్యరాదు. ప్రయోగశాలలో వండుట, తినుట, త్రాగుట పూర్తిగా నిషేధం.

"వంటింట్లో వండకపోతే యాడ వండుతార్రా?" అంది అమ్మ.

"వరండాలో" అన్నాను.

"ఎవరు వండుతారు? నన్ను అటెండెంటుగా రాశారంటగా?"

నిజమే. గౌరవ అటెండెంటు, మార్తమ్మ. ఆ కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచి అమ్మ నడకే మారిపోయింది. తాళంచెవి మొలకు కట్టుకుంది. ఉప్పు డబ్బా కావాలని నేను అడిగితే "రాసిచ్చి తీసుకుపో" అంది. అలా వరండాలో పాత పొయ్యి నా పాలపడింది. పొద్దున వంట, తర్వాత జిరాక్స్.

సరే, ల్యాబ్ అయింది కదా, సర్టిఫికెట్ ఇచ్చేస్తారనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. గుర్తింపు వచ్చింది ఈ నెల ఐదున. సువార్త ప్రయోగాలు చేసింది అంతకుముందు. అంటే అప్పటికి అది వంటిల్లే. కాబట్టి పన్నెండు ప్రయోగాలూ మళ్లీ చెయ్యాలని ఉత్తర్వు.

సువార్త ఉత్తర్వు రెండుసార్లు చదివి, మడిచి, కొంగుకు ముడేసుకుంది. ఆ రాత్రి అన్నం మాత్రం సగంలో వదిలేసి లేచింది. నర్సింగ్ హోమ్‌లో అడిగి మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం డ్యూటీకి మార్చుకుని, మళ్లీ ఉల్లిపాయ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

ఇదిలా ఉండగా కళాశాలలో వేరే గోల.

ప్రత్యక్ష కోర్సు పిల్లలు నలభై మంది ఉన్నారు. వాళ్లకు పాఠం చెప్పే పోస్టు ఖాళీ. అందుకని హాల్లో తెల్ల గుడ్డ కట్టి వీడియో వేస్తారు. సువార్త ఫోన్లో చూసిందే. అదే పాఠం, అదే మాస్టారు, ఏడో నిమిషంలో అదే దగ్గు. హాల్లో నలభై మంది కలిసి వింటే ప్రత్యక్షం. ఇంట్లో ఒక్కతే వింటే ఆన్‌లైన్. ఇక ప్రయోగాలంటారా, ల్యాబులో ఇరవై కొత్త సూక్ష్మదర్శినులు ఉన్నాయి. కొత్తవిగానే ఉంచాలని ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా బీరువాలో పెట్టి, ఆ బీరువాకు లక్క సీలు వేశారు. సీలు విప్పాలంటే వేసినవారు రావాలి. ఆయన రిటైరై నాలుగేళ్లు.

ఇంతలో మండలి నుంచి సర్క్యులర్. పని చేస్తున్న ప్రయోగశాల లేని కళాశాలలకు అనుమతి రద్దు. కళాశాల గుండెల్లో రాయి పడింది. ఓంకారయ్య గారు ఫైళ్లన్నీ తిరగేశారు. కళాశాల పరిధిలో గుర్తింపు ఉండి, పని చేస్తున్న ప్రయోగశాల ఒకే ఒక్కటి తేలింది.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా ఇంటి ముందు బస్సు ఆగింది. అందులోంచి ఇరవై మంది ఆడపిల్లలు తెల్ల కోట్లతో దిగారు. మిగతా ఇరవై మంది శుక్రవారం బ్యాచ్. వరండాలో కందిపప్పు ఎనుపుతున్న నేను చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాను.

"సదరు విద్యార్థినులను ప్రత్యక్ష ప్రయోగముల నిమిత్తము తమ ప్రయోగశాలకు జతపరచడమైనది" అన్నారు ఓంకారయ్య గారు. "తాము సహకరించవలసినది."

"చెప్పులు బయట. కార్డులు చేతిలో" అంది మా అమ్మ గుమ్మంలో నిలబడి.

వంటింట్లో ఒకేసారి నలుగురు పడతారు. మిగతావాళ్లు కిటికీ దగ్గర వరస కట్టారు. మొదట ఒక్కరికీ ఏమీ తెలియదు. నాగశిరీష అనే అమ్మాయి ఆర్నెల్లు ప్రత్యక్షంగా చదివింది కదా, సూక్ష్మదర్శినిని పై నుంచి కాక పక్క నుంచి చూస్తోంది. సువార్త నవ్వలేదు. భుజం మీద చెయ్యి వేసి, "ఇటు రా తల్లీ. ఒక కన్ను మూసుకో. ఆ, ఇప్పుడు ఈ చక్రం మెల్లగా తిప్పు" అంది. కాసేపటికి ఆ పిల్ల "అక్కా, ఇటుకల్లా ఉన్నాయక్కా!" అని అరిచిన అరుపు వరండాలోకి వినిపించింది. ఆ ఇటుకలు ఉల్లిపొర కణాలు. వెంట్రుక గురించి కూడా అడిగింది. అది అందరికీ వస్తుందిలే అని చెప్పింది సువార్త.

సువార్తకు బాగా ఇష్టమైన ప్రయోగం రొట్టె ముక్కలది. బ్రెడ్డు ముక్కలు నాలుగు తీసుకుంటుంది. ఒకటి ముట్టుకోకుండా పటకారుతో కవర్లో వేస్తుంది. ఒకటి సబ్బుతో కడుక్కున్న చేత్తో నొక్కుతుంది. ఒకటి కడగని చేత్తో. నాలుగోది మీ ఇష్టం, ఏ వస్తువుకైనా అద్ది వెయ్యొచ్చు. కవర్లు మూసి వారం ఆగితే, దేని మీద ఎంత బూజు పట్టిందో కళ్లకు కనిపిస్తుంది. "వార్డులో రోగిని ముట్టుకునే ముందు ఈ నాలుగు ముక్కలూ గుర్తు తెచ్చుకోండి" అని చెప్పేది. తొమ్మిదేళ్లు ఆ వార్డుల్లో తిరిగింది కదా, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారేది.

నాలుగో ముక్కకు ఏ వస్తువు అద్దాలా అని పిల్లలు చూస్తుంటే, ఓంకారయ్య గారి చంకలో ఓ ఫైలు కనిపించింది. అది సువార్త దరఖాస్తు ఫైలే. ఏడు బల్లల మీద పడుకుని, పధ్నాలుగు మంది చేతుల్లో నలిగి వచ్చింది.

"సార్, ఒక్క నిమిషం" అని నాగశిరీష రొట్టె ముక్కను దాని అట్టకు అద్దేసింది.

"ఇది కార్యాలయ ఫైలు!" అన్నారు ఆయన.

"అందుకే సార్" అంది.

నెల తిరిగేసరికి పన్నెండు ప్రయోగాలూ అందరికీ అయిపోయాయి. ఇంకా ముద్ర పడని సర్టిఫికెట్లు నా షాపుకే వచ్చాయి, కాపీలకు. నలభై సర్టిఫికెట్ల మీద "విధానము: ప్రత్యక్షము, ప్రయోగశాల 17" అని ఉంది. నలభై ఒకటో దాని మీద "విధానము: ఆన్‌లైన్, ప్రయోగశాల 17" అని ఉంది. అది మా సువార్తది. దాంతోపాటే ఇంకో సర్క్యులర్. రెండు విధానాలూ సర్వసమానమే కానీ, సీట్లు తక్కువ ఉన్నందున సర్వసమానులలో ప్రత్యక్షులకు ప్రాధాన్యం.

సీట్లు నలభై. ప్రత్యక్షులు నలభై.

సువార్తను అంత కోపంలో నేను పెళ్లైన పన్నెండేళ్లలో చూడలేదు. ఓంకారయ్య గారి బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"సార్, ఆ నలభై మందీ మా ఇంటికొచ్చి, నా గట్టు మీద, నేను చూపిస్తే చేశారు. వాళ్లది ప్రత్యక్షం. నేను అక్కడే ఉండి చేస్తే ఆన్‌లైనా? ఇదెక్కడి న్యాయం సార్?"

"ఆవేశపడరాదు. ప్రత్యక్షమనగా విద్యార్థి తన నివాసము నుండి బయలుదేరి ప్రయోగశాలకు చేరుకొనుట. తాము బయలుదేరలేదు."

"ల్యాబ్ ఉన్న చోటే నేనుంటే ఎక్కడికని బయలుదేరను?"

"అదియే లోపము" అన్నారు ఓంకారయ్య గారు.

సువార్త కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ కాగితాలతో నాకు పదహారేళ్ల సావాసం. కోపంతో అవి లొంగవు, కాగితానికి కాగితమే అడ్డం పెట్టాలి.

"సార్, బయలుదేరితే సరిపోతుందా?" అన్నాను.

"సరిపోవును. కళాశాలలో వేలిముద్ర వేసి, కళాశాల వాహనమున, అనుమతించిన ప్రయోగశాలకు పన్నెండు దినములు హాజరు కావలెను."

"ప్రత్యక్ష విద్యార్థిగా పేరు మార్చుకోవడానికి?"

"నమూనా పధ్నాలుగు."

అది కూడా నా దగ్గర ఉంది.

ఆ మర్నాటి నుంచి సువార్త నర్సింగ్ హోమ్‌లో పన్నెండు రోజులు సెలవు పెట్టింది. పొద్దున ఎనిమిదీ నలభైకి కళాశాల బస్సు మా గుమ్మం ముందు ఆగేది. సువార్త ఎక్కేది. బస్సు ఊరంతా తిరిగి కళాశాలకు వెళ్లేది. ఆమె వేలిముద్ర వేసేది. మళ్లీ ఎక్కేది. బస్సు మళ్లీ ఊరంతా తిరిగి తొమ్మిదిన్నరకు మా గుమ్మం ముందే ఆగేది. సువార్త దిగేది. డ్రైవరు మొదటి రోజు మాత్రం "అమ్మా, మీరేమన్నా మర్చిపోయి వెనక్కొచ్చారా?" అని అడిగాడు. రెండో రోజు నుంచి అలవాటు పడిపోయాడు.

అసలు చిక్కు బస్సుతో కాదు, అమ్మతో.

"కార్డు" అంది అమ్మ.

"అత్తా, నేను" అంది సువార్త.

"నువ్వని కనపడతానే ఉందమ్మాయ్. కార్డు చూపియ్యి. లేకపోతే నా మీదకి వస్తది."

"కార్డు లోపల, బీరువాలో ఉంది."

"కార్డు లేకుండా లోపలికి ఎట్టా రానిస్తా?"

చివరికి నేనే వెళ్లి కార్డు తెచ్చి బయటికి అందించాను. వీధి గుమ్మమే ప్రయోగశాల గుమ్మమని అమ్మ లెక్క, నాకు కూడా కార్డు లేదు కాబట్టి పడగ్గది కిటికీ లోంచి వెళ్లాల్సి వచ్చింది. ఖాజాబీ గోడ మీద నుంచి ఇదంతా చూసి, ఒకరోజు "ఏం భాయ్, కోడలికీ అత్తకీ మాటల్లేవా?" అని మెల్లగా అడిగింది. మాటల్లేకేం, నియమాలున్నాయి అన్నాను.

ఇలా పన్నెండు రోజులు. ఉల్లిపొర మూడోసారి. ఆ పన్నెండు రోజుల్లో ఆమె కన్నుకు సూక్ష్మదర్శినితో పని లేకుండానే కణాలు కనిపించి ఉంటాయి.

ఆఖరి పరీక్ష మౌఖికం. అది పాసైతేనే సర్టిఫికెట్ల మీద ముద్ర. ప్రయోగశాలలోనే పెట్టాలి కాబట్టి మా ఇంట్లోనే పెట్టారు. కుముదవల్లి గారు మా బియ్యం డబ్బా మీద కూర్చున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చిన ప్రతి పిల్లా, ఏమీ అడక్కముందే, నేరుగా కుళాయి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, వేళ్ల సందులు రుద్దుకుని, ఆ తర్వాతే ఏదైనా ముట్టుకుంటోంది. పదో పిల్ల అయ్యేసరికి కుముదవల్లి గారు కళ్లజోడు తీశారు.

"నేను పదకొండు కళాశాలలు చూసి వచ్చాను. ఇలా చేసినవాళ్లను ఎక్కడా చూడలేదు. మీకు ఇది ఎవరు నేర్పారు?"

లోపలున్నవాళ్లు, కిటికీ దగ్గరున్నవాళ్లు, అందరూ ఒక్కసారే "సువార్తక్క" అన్నారు.

సువార్త ముఖం వెలిగింది. ఓంకారయ్య గారి ముఖం అంతకంటే ఎక్కువ వెలిగింది.

"అటులైన ఒక మనవి. నియమము తొమ్మిది ప్రకారము బోధించువారు విద్యార్థిగా కొనసాగుటకు వీలు లేదు. ఈమె బోధించినట్లు ఇప్పుడు సాక్ష్యము లభించినది."

సువార్త గట్టు పట్టుకుంది. నలభై మందికి చెయ్యి కడుక్కోవడం నేర్పినందుకు, సీటు మాట దేవుడెరుగు, అసలు వరసలోనే లేకుండా పోతోంది. నాగశిరీష "అయ్యో, మేమే చెప్పేశామక్కా" అని ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. షాపులో నేను పాడైన కాపీలు పారెయ్యను.

పరిగెత్తుకెళ్లి తెచ్చాను. ప్రయోగశాల 17 సిబ్బంది వివరములు. అటెండెంటు, మార్తమ్మ. బోధకులు, పోస్టు ఖాళీ. కింద ఓంకారయ్య గారి సంతకం, ముద్ర.

"పోస్టు ఖాళీగా ఉందని మీరే ధ్రువీకరించారు సార్. పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు బోధన ఎట్లా జరుగుతుంది?" అన్నాను.

ఓంకారయ్య గారు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. తన సంతకాన్ని కాదనడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"జరగలేదు" అన్నారు చివరికి.

"మరి వీళ్లకు ఎలా వచ్చింది?" అన్నారు కుముదవల్లి గారు.

ఆయన నుదురు తుడుచుకున్నారు. కలం తీశారు. రిజిస్టర్‌లో ఆయన రాసిన వాక్యం ఇప్పటికీ మా ఇంట్లో భద్రంగా ఉంది. "సదరు విద్యార్థినులకు ప్రయోగశాల 17 స్వయముగా బోధించినది."

అలా మా వంటిల్లు పంతులమ్మ అయింది. సువార్త విద్యార్థిగానే మిగిలింది.

కుముదవల్లి గారు లేచి అలమర వైపు చూశారు. అక్కడ రొట్టె ముక్కల కవర్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికి చీటీ. మొదటిది తెల్లగానే ఉంది. రెండోది దాదాపు తెల్లగా ఉంది. మూడోదాని మీద పచ్చని మచ్చలు. నాలుగోదాన్ని రొట్టె అని ఎవరైనా చెప్తే తప్ప పోల్చుకోలేం. నల్లగా, ఆకుపచ్చగా, బొచ్చు మొలిచి కవరు నిండిపోయింది. చీటీ మీద "సువార్త దరఖాస్తు ఫైలు" అని ఉంది.

ఆవిడ ఆ చీటీ చదివి, మార్కుల కాగితం తీసి ఏదో రాశారు. సర్టిఫికెట్ మీద ముద్ర వెయ్యడానికి ఓంకారయ్య గారు సంచీలోంచి పెట్టె తీయబోతే, చెయ్యెత్తి ఆపారు.

"ముద్ర వేద్దురుగాని. ముందు చేతులు కడుక్కు రండి" అన్నారు.

ఆయన కుళాయి దగ్గరికి వెళ్లారు. మా అమ్మ పక్కన నిలబడి, వేళ్ల సందులు కూడా రుద్దించింది.

కుముదవల్లి గారి మార్కులకు సువార్త పేరు జాబితాలో మొదటికి వచ్చింది. నలభయ్యో పేరు జారి కిందికి పోతుందేమోనని ఆమే భయపడింది. ఓంకారయ్య గారు నియమం వెతికి మరీ నలభై ఒకటో సీటు పుట్టించారు. ఆయన పూనుకుంటే నియమాలకు కొదవేముంది. ఆగస్టుకు ఇంకా తొమ్మిది రోజులుండగా సువార్త నర్సింగ్‌లో చేరింది.

తరగతులు మొదలైన రోజు పొద్దున ఎనిమిదీ నలభైకి బస్సు మా గుమ్మం ముందు ఆగింది. తెల్ల యూనిఫాంలో సువార్త ఎక్కింది. ఇక మధ్యాహ్నం దాకా రాదనుకుని నేను వరండాలో పప్పు పొయ్యి మీద పెట్టాను. తొమ్మిదిన్నరకు బస్సు మళ్లీ ఆగింది. కళాశాల బీరువా సీలు ఇంకా ఊడలేదట. మొదటి సంవత్సరం ప్రయోగాలన్నీ ప్రయోగశాల 17లోనే అని ఉత్తర్వు.

సువార్త దిగింది. గుమ్మం దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం మెడలోని కార్డు తీసి అమ్మకు చూపించింది. అమ్మ కార్డు వంక చూడలేదు. ఆ తెల్ల బట్టలను పై నుంచి కింది దాకా చూసింది. మొలలోని తాళంచెవి తీసి తలుపు బార్లా తెరిచింది.

"రా సిస్టరమ్మా, లోపలికి రా" అంది.

సువార్త ఆగింది. నోరు తెరిచింది. తొమ్మిదేళ్లుగా ఆ పిలుపుకు చెప్పే జవాబు నోటిదాకా వచ్చే ఉంటుంది. చెప్పలేదు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది.